వెనక చక్రం ఎందుకు చెమరుస్తోంది?

పాత అంబాసిడర్ వెనక ఇరుసులో ఆయిలు కారితే షెడ్డులో వినిపించే మొదటి మాట ‘సీలు పోయింది’. సీలు మార్చినా కొన్నాళ్లకు మళ్లీ అదే మరక. తప్పు చాలాసార్లు సీలుది కాదు.

పాత అంబాసిడర్ ఉన్న ఇంట్లో పొద్దున్నే బండి కిందికి వంగి చూడటం ఒక అలవాటు. ఇంజను కింద రెండు చుక్కలు కనిపిస్తే ఎవరూ కంగారుపడరు. గేరుబాక్సు దగ్గర కాస్త తడి ఉన్నా గుడ్డతో తుడిచి ఊరుకుంటారు. కానీ వెనక చక్రం లోపలి వైపు నుంచి నల్లటి జిడ్డు చారలుగా దిగి, టైరు పక్కన నేల మీద అరచేయంత మరక కట్టిందంటే ఆ బండిని ఆ రోజు రోడ్డెక్కించకూడదు. ఇంజను ఆయిలు కారితే పోయేది డబ్బు. వెనక ఇరుసు ఆయిలు కారితే అది చేరేది బ్రేకు డ్రమ్ములోకి.

ఆ కాలపు అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ము లోపలి గోడను లైనింగు ఒరుసుకుంటేనే బండి ఆగుతుంది. ఆ రెండింటి మధ్యకు గేరు ఆయిలు చేరిందా, పట్టు జారిపోతుంది. ఒక వెనక చక్రం పట్టుకుంటుంది, రెండోది పట్టుకోదు. బ్రేకు తొక్కగానే బండి ఓ పక్కకు లాగేస్తుంది. తడి రోడ్డు మీద ఆ లాగుడు ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. హ్యాండ్‌బ్రేకు పనిచేసేదీ ఆ వెనక డ్రమ్ముల మీదే కాబట్టి, ఏటవాలులో నిలిపిన బండిని కూడా నమ్మడానికి లేదు.

ఈ జబ్బుకు చాలా షెడ్లలో ఒకటే మందు: సీలు మార్చెయ్యడం. సీలు ఖరీదు తక్కువ, పని ఒక పూటలో అయిపోతుంది, యజమాని సంతోషంగా బండి తీసుకుపోతాడు. కొన్నాళ్లకు మళ్లీ వస్తాడు. ఈసారి ‘ఈ కంపెనీ సీలు మంచిది కాదండీ’ అని ఇంకో రకం వేస్తారు. నా అభిప్రాయం ఒక్కటే. సీలు తనంతట తాను పాడవడం కన్నా, మరో చోట ఉన్న లోపం భారం దాని మీద పడటమే ఎక్కువ. ఇరుసుకు ఊపిరాడకపోయినా, ఆయిలు మట్టం మించినా, బేరింగు ఊగినా, సీలు ఆనే చోట గాడి పడినా, ప్యాకింగు మందం మారినా బయటికి కనిపించేది మాత్రం సీలు దగ్గరి తడే. కారే చోటు ఒకటి, కారణం ఉన్న చోటు మరొకటి. ఆ రెండో చోటు దాకా వెళ్లే మేస్త్రి చేతిలో పడ్డ బండి ఏళ్ల తరబడి పొడిగా ఉంటుంది.

మోరిస్ నుంచి వచ్చిన ఇరుసు

హిందుస్థాన్ మోటార్స్‌ను బిర్లాలు 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవు దగ్గర మొదలుపెట్టి, 1948లో బెంగాల్‌లోని ఉత్తరపారాకు తరలించారు. అక్కడ మొదట తయారైన కార్లు ఎక్కువగా బ్రిటిష్ మోరిస్ కార్లకు ఇక్కడి రూపాలే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్ ల్యాండ్‌మాస్టర్ అయింది. మూడో సిరీస్ 1950ల చివర్లో అంబాసిడర్ పేరుతో వచ్చింది. ఇంగ్లండులో ఆ మూడో సిరీస్ 1956లో పుట్టి 1959కల్లా పక్కకు తప్పుకుంది. ఇక్కడ అదే ఒంపులతో, అదే గుండ్రటి పైకప్పుతో 2014 మే దాకా తయారవుతూనే ఉంది. మధ్యలో గ్రిల్లులు మారాయి, ఇంజన్లు మారాయి, పేర్ల వెనక అంకెలు మారాయి.

తెలుగు నేల మీద ఆ బండి చెయ్యని కొలువు లేదు. కలెక్టరు గారి తెల్లకారు అదే, పెళ్లికొడుకును ఊరేగించిన పూలకారు అదే, బస్సు లేని ఊళ్ల మధ్య పదేసి మందిని కుక్కుకుని తిరిగిన టాక్సీ అదే. ఆ బరువంతా మోసింది వెనక ఇరుసు. అందుకే ఇవాళ షెడ్డుకు వచ్చే పాత అంబాసిడర్ ఇరుసును విప్పితే, దాని వెనక ఎంత చాకిరీ ఉందో హబ్బు మీద, నట్టు మీద, షాఫ్టు మీద కనబడుతుంది.

ఇరుసు అంటే మధ్యలో ఉబ్బిన ఉక్కు పెట్టె, దానికి అటూ ఇటూ ఒక్కో గొట్టం. మేస్త్రీల భాషలో హౌసింగు. మధ్య పెట్టెలో క్రౌను, పినియను ఉంటాయి. ఇంజను నుంచి నిలువుగా వచ్చే తిరుగుడును ఇవి అడ్డానికి మళ్లించి చక్రాలకు పంచుతాయి. మోరిస్ నుంచి వచ్చిన ఈ జత హైపాయిడ్ రకం. అంటే పినియను సరిగ్గా క్రౌను నడిమికి ఎదురుగా కాకుండా కాస్త కిందికి దిగి కూర్చుంటుంది. దానివల్ల ప్రొపెల్లర్ షాఫ్టు కిందికి పోయి, కారు లోపల నేల చదునుకు వీలవుతుంది. దానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, జారుతూ రాసుకుంటాయి కూడా. మామూలు ఆయిలు పొర ఆ రాపిడికి నిలవదు. అందుకే గంధకం, భాస్వరం కలిసిన ఈపీ 90 గేరు ఆయిలు పొయ్యాలి. డబ్బా మూత తియ్యగానే ముక్కును పొడిచే ఘాటు ఆ గంధకానిదే.

క్రౌను తిరుగుతున్నప్పుడు ఆయిలు చిమ్ముతుంది. కొంత ఆయిలు గొట్టం లోపల హాఫ్ షాఫ్టు పక్కనుంచి పాకి చివర ఉన్న హబ్బుకు చేరుతుంది. అక్కడి బేరింగుకు అదే తిండి. ఆయిలు హబ్బు దాకా రావడం లోపం కాదు, రావాలనే అలా కట్టారు. రాకూడనిది హబ్బు దాటి. అందుకు రెండు చోట్ల కాపలా పెట్టారు. లోపలి వైపు, హబ్బుకూ హౌసింగు గొట్టానికీ నడుమ ఆయిల్ సీలు. బయటి వైపు, షాఫ్టు ఫ్లాంజికీ హబ్బుకూ నడుమ పలచని కాగితం ప్యాకింగు, కొన్ని బళ్లలో దానికి తోడు ఒక రబ్బరు రింగు. ఈ రెండింట్లో ఏది ఓడినా ఆయిలు చివరికి డ్రమ్ములోకే చేరుతుంది.

ఇంకో సంగతి తెలిస్తే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది. ఈ ఇరుసును ఇంజనీర్లు ‘త్రీక్వార్టర్ ఫ్లోటింగ్’ రకం అంటారు. బండి బరువు షాఫ్టు మీద పడదు. హౌసింగు గొట్టం చివర బేరింగు ఉంటుంది, దాని మీద హబ్బు, హబ్బుకు చక్రం. బరువు మోసేది గొట్టం. అయితే ఉన్నది ఒకటే బేరింగు కాబట్టి, మలుపుల్లో చక్రం అటూ ఇటూ ఒరగకుండా నిలువుగా పట్టుకునే పని మాత్రం షాఫ్టు ఫ్లాంజి చెయ్యాలి. ఫ్లాంజి, హబ్బు, బేరింగు మూడూ కదలకుండా ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటేనే ఆ పని జరుగుతుంది. ఆ బిగింపులో కాస్త సందు దొరికిందా, ప్రతి మలుపులోనూ అవి ఒకదాని మీద ఒకటి మెదులుతాయి. మెదిలే చోట ప్యాకింగు ఎన్నాళ్లు బతుకుతుంది?

ఆటోనగర్‌లో ఒక పూట

విజయవాడ ఆటోనగర్‌లో పాత పెట్రోలు కార్లు చూసే షెడ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టాలి. అలాంటి ఒక షెడ్డుకు ఓ రిటైర్డు టీచరు గారి 1972 మార్క్ 2 వచ్చింది. ఎడమ వెనక చక్రం దగ్గర లీకు. అంతకుముందే వేరే చోట సీలు మార్పించారట. కూర్చుని మొత్తం పని చూసే అవకాశం నాకు దొరికింది.

మేస్త్రి చక్రం జోలికి వెళ్లకుండా ముందు ఒక గ్లాసులో నీళ్లు తెమ్మన్నారు. బ్యాక్ ప్లేటు అంచున వేలాడుతున్న తడిని పుల్లతో తీసి నీళ్లలో వదిలారు. అది నల్లగా, రంగులు తేలుతూ పైనే నిలిచింది.

‘‘తేలింది చూశారా మాస్టారూ. బ్రేకాయిలైతే నీళ్లలో కలిసిపోయేది. ఇది గేరాయిలే. వీల్ సిలిండరు జోలికి పోనక్కర్లేదు.’’

‘‘మొన్నే కదండీ కొత్త సీలు వేసింది?’’

‘‘వేశారండీ. సీలు పని సీలు చేస్తుంది. పైనుంచి తోసేవాడు ఉంటే అది మాత్రం ఏం చేస్తుంది? ముందు ఊపిరి చూద్దాం.’’

ఊపిరి అని ఆయన అన్నది బ్రీదరు గురించి. హౌసింగు మీద బొటనవేలంత కూడా ఉండని చిన్న గొట్టం అది. బండి వేగంగా పోతుంటే లోపలి ఆయిలు, గాలి వేడెక్కుతాయి. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. ఆ గాలి బయటికి పోయే దారి బ్రీదరే. మట్టి, గ్రీజు కలిసి దాన్ని మూసేస్తే గాలి వేరే దారి వెతుక్కుంటుంది. దొరికేవి సీలు పెదవులే, ఆయిలును ముందు తోసుకుంటూ అక్కడి నుంచి బయటపడుతుంది. రోజూ రెండు కిలోమీటర్లు తిరిగే బండిలో ఈ లోపం బయటపడదు. హైవే మీద గంట నడిపాక పడుతుంది. ఆ కారు బ్రీదరులో మేస్త్రి సన్నటి తీగ దూర్చితే రాయిలా గట్టిపడ్డ మట్టి గడ్డ ఊడి వచ్చింది. ఎప్పుడో హౌసింగుకు నల్లరంగు వేసినప్పుడు బ్రీదరు మీదా పూసేశారు. ఆ రంగు కింద మట్టి.

తర్వాత ఆయిలు మట్టం. హౌసింగు పక్కన ఉండే మూత విప్పితే ఆయిలు ఆ రంధ్రం అంచుకు సరిగ్గా ఉండాలి. ఈ బండిలో మూత విప్పగానే ధార కట్టింది. బండి చదునుగా లేనప్పుడు, ఒక పక్క జాకీ ఎత్తి ఉంచి పోసినప్పుడు ఇలా ఎక్కువ పడుతుంది. ఎక్కువైన ఆయిలు ఊరుకోదు, గొట్టాల్లోకి పోయి హబ్బుల్లో నిలవుంటుంది. బండిని చదునైన నేల మీద నిలబెట్టి, రంధ్రం నుంచి చుక్కలుగా రాలే దాకా పోసి, రాలడం ఆగాక మూత బిగించాలి. ఇంతకు మించిన కొలత పాత్ర అక్కర్లేదు. లీకును దాచడానికి 90 బదులు చిక్కటి 140 ఆయిలు పోసే అలవాటు కొందరికుంది. చిక్కన కాబట్టి నెమ్మదిగా కారుతుంది, అంతే. కారే దారి మాత్రం మూసుకోదు.

ఆ రెండు లోపాలు దొరికినా మేస్త్రి ఆగలేదు. ముందు చక్రాల కింద ముందూ వెనకా చెక్కలు పెట్టించారు. వెనక డ్రమ్ము విప్పాక హ్యాండ్‌బ్రేకు పనిచెయ్యదు కదా, బండి కదలకుండా పట్టేది ఆ చెక్కలే. తర్వాత జాకీ ఎత్తి, హౌసింగు కింద ఇనుప స్టాండు వేశారు. ఈ విషయం గట్టిగా చెప్పాలి. ఇప్పటికీ ఎన్నో చోట్ల ఇటుకలు పేర్చి బండిని వాటి మీద దించుతున్నారు. ఇటుక ముందుగా హెచ్చరిక ఇవ్వదు, ఉన్నట్టుండి పిండవుతుంది. ఒట్టి జాకీ మీద నిలిచిన బండి కింద కూడా తల పెట్టకూడదు.

పని చేసే వైపు ఎత్తు ఎక్కువ ఉండాలి. అప్పుడు గొట్టంలో ఉన్న ఆయిలు నడిమి పెట్టెలోకి జారిపోతుంది. హబ్బు విప్పితే ఒళ్లంతా కాదు, వేళ్లు మాత్రమే తడుస్తాయి.

చక్రం తీశారు. బ్రేకు సర్దుబాటును వెనక్కి తిప్పి లైనింగులు వదులు చేసి, స్క్రూలు విప్పి డ్రమ్ము లాగారు. డ్రమ్ము లోపలి గోడ నిండా నల్లటి జిడ్డు. ఫ్లాంజిని హబ్బుకు పట్టి ఉంచే స్క్రూ విప్పి, ఫ్లాంజి అంచున స్క్రూడ్రైవరుతో మెల్లగా కదిలిస్తే హాఫ్ షాఫ్టు చేతిలోకి జారి వచ్చింది. ఈ రకం ఇరుసులో షాఫ్టు సీలును తాకకుండానే బయటికొస్తుంది, అదొక సుఖం. సీలు షాఫ్టు మీదే కూర్చునే ఇరుసులు వేరే ఉన్నాయి. వాటిలో షాఫ్టు లాగేటప్పుడు దాని పళ్లు సీలు పెదవికి గీసుకుంటే అక్కడితో కొత్త సీలు పని సరి.

షాఫ్టు వెనక పెద్ద నట్టు. ఎనిమిది పలకల నట్టు. దాన్ని విప్పే సరైన పానా లేక ఎవరో ఉలి పెట్టి సుత్తితో కొట్టినట్టున్నారు, అంచులన్నీ చెక్కుకుపోయి ఉన్నాయి. మేస్త్రి దగ్గర లేతు మీద చేయించుకున్న సాకెట్టు ఉంది. ముందు లాకు వాషరు మడతను సరిచేసి, పక్కనున్న కుర్రాణ్ని అడిగారు.

‘‘ఒరేయ్, ఇది ఎటు తిప్పాలి?’’

‘‘ఇటు’’ అని కుర్రాడు మామూలు నట్టు విప్పినట్టు చేతిని ఎడమకు చూపించాడు.

‘‘అది కుడి చక్రానికి. ఎడమ చక్రం నట్టుకు మర అటుది. చక్రం ముందుకు తిరిగే కొద్దీ నట్టు ఊడిపోకుండా అలా పెట్టారు. దీన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. ఇది తెలియకే వాళ్లు ఉలి పెట్టారు.’’

ఎడమ మర సంగతి మోరిస్ కుటుంబపు పాత ఇరుసుల్లో చాలావాటిలో ఎదురవుతుంది. తెలియనివాడు పొడుగాటి గొట్టం తగిలించి బలం కొద్దీ తిప్పితే నట్టు వదులు కాకపోగా ఇంకా బిగుసుకుంటుంది, చివరికి మర తెగుతుంది. గొట్టం మీద మర తెగితే బాగుచెయ్యడం మామూలు విషయం కాదు.

నాలుగు థౌ లెక్క

నట్టు విప్పి పుల్లరుతో హబ్బు లాగితే, బేరింగు, సీలు రెండూ దాంతోపాటే వచ్చాయి. ఇక్కడే అసలు కారణం బయటపడింది. ఫ్లాంజికి అంటుకుని వచ్చిన ప్యాకింగును మేస్త్రి గీకి తీసి నా చేతిలో పెట్టారు. అట్టముక్క. దళసరి చార్టు అట్టను కత్తిరించి, దానికి రెండు వైపులా ఎర్రటి జిగురు దట్టంగా పూశారు. లీకు ఆగాలని పాపం వాళ్లు మందం పెంచారు. ఆ మందమే లీకుకు మూలం.

ఎలాగో చెబుతాను. బేరింగును హబ్బులోకి దించాక దాని బయటి వైపు ఒక స్పేసరు రింగు ఉంటుంది. ఆ రింగు అంచు, హబ్బు మీద పరిచిన ప్యాకింగు కన్నా కొంచెం బయటికి పొడుచుకు రావాలి. ఎంత కొంచెం? మోరిస్ కాలం నాటి మాన్యువళ్లలో ఆ లెక్క అంగుళంలో వెయ్యో వంతు నుంచి నాలుగు వెయ్యో వంతుల దాకా. మన లేతు షెడ్ల భాషలో ఒక థౌ నుంచి నాలుగు థౌ. మిల్లీమీటర్లలో 0.025 నుంచి 0.1. రాసుకునే తెల్లకాగితం మందం దాదాపు నాలుగు థౌ ఉంటుంది. అంటే ఇరుసు ఆరోగ్యం ఒక కాగితం మందం లోపల తేలిపోతోందన్నమాట.

ఆ కాస్త పొడుచుకు రావడం వల్ల, ఫ్లాంజిని బిగించినప్పుడు అది ముందు స్పేసరును నొక్కుతుంది. స్పేసరు బేరింగు బయటి వలయాన్ని హబ్బు లోపలి మెట్టుకేసి అదిమి పట్టుకుంటుంది. బేరింగు ఇక కదలదు. ప్యాకింగు కూడా తగినంత నలిగి ఆయిలును ఆపుతుంది. ప్యాకింగు బదులు అట్ట వేస్తే ఏమవుతుంది? స్పేసరు అట్ట మందం లోపలికి మునిగిపోతుంది. ఫ్లాంజి అట్టను నొక్కుతుంది కానీ బేరింగును నొక్కదు. బేరింగు హబ్బులో మెదులుతుంది. దాంతో చక్రం ప్రతి మలుపులో వెంట్రుకవాసి ఒరుగుతుంది, అట్ట నలిగి చిరుగుతుంది. లోపలి వైపు సీలు పెదవి కూడా హబ్బుతోపాటు ఊగుతుంది. బయటి కాపలా, లోపలి కాపలా రెండూ ఒకేసారి పడిపోతాయి. అలాంటి బండికి పది సీళ్లు మార్చినా ఫలితం ఉండదు.

మేస్త్రి పాత బేరింగును వేళ్లతో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, పక్కన పడేశారు. కొత్త బేరింగు హబ్బులో దిగాక, అసలు మందపు ప్యాకింగు కాగితాన్ని హబ్బు మీద పరిచి, స్పేసరు మీద ఉక్కు స్కేలు అడ్డంగా ఆనించి, స్కేలుకూ కాగితానికీ మధ్య ఫీలరు గేజి రేకులు ఒక్కొక్కటే దూర్చి చూశారు. రెండు థౌ రేకు దూరింది. మూడు థౌది దూరలేదు. ‘‘చాలు’’ అన్నారు. చాలకపోయి ఉంటే స్పేసరు కింద పలచని ఉక్కు షిమ్ము వెయ్యాల్సి వచ్చేది.

జిగురు గురించి ఒక మాట. చక్కగా శుభ్రం చేసిన లోహపు ముఖాల మీద పలచగా తుడిచినట్టు పూస్తే తప్పు లేదు. దట్టంగా పూస్తే దాని మందమూ ఆ రెండు థౌల లెక్కలోకి వస్తుంది.

వేలిగోరు పరీక్ష

సీలు లోపలి పెదవి గొట్టం మీద నునుపైన పట్టీని ఆనుకుని తిరుగుతుంది. ఆ పెదవి వెనక సన్నటి చుట్టుస్ప్రింగు ఉండి, దాన్ని పట్టీకి వదలకుండా అదుముతుంది. ఏళ్ల తరబడి ఒకే చోట ఒరుసుకుంటే, మెత్తటి రబ్బరే అయినా ఇసుక రేణువులతో కలిసి ఉక్కును తినేస్తుంది. పట్టీ మీద సన్నటి గాడి పడుతుంది. కంటికి అది మెరిసే గీతలా కనిపిస్తుంది, అందుకే మోసపోతాం. వేలిగోరును అడ్డంగా గీసి చూడాలి. గోరు తట్టుకుంటే కొత్త సీలు నిలవదు.

దీనికి మూడు దారులున్నాయి. గాడి లోతు తక్కువైతే సీలును హబ్బులో కాస్త ముందుకో వెనక్కో కూర్చోబెట్టి, పెదవి తాజా చోట ఆనేలా చెయ్యొచ్చు. అందుకు చోటుండాలి. లేదంటే మిల్లీమీటరులో పావు వంతు మందం ఉండే స్టెయిన్‌లెస్ స్లీవును గాడి మీదికి తొడగాలి. అంత పలచన కాబట్టి అదే సైజు సీలు సరిపోతుంది. ఇరుసును పూర్తిగా విప్పినప్పుడైతే పట్టీకి లోహం పూత పోయించి, గ్రైండింగు చేయించి పాత కొలతకు తేవచ్చు. గరుకు కాగితంతో నిలువుగా రుద్ది సరిపెట్టడం మాత్రం పనికిరాదు. ఆ గీతలే ఆయిలుకు దారులవుతాయి.

సీలు ఎంపికలో కూడా కొలతే ముఖ్యం. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం దాని మీదే అచ్చు వేసి ఉంటాయి. పాతదాని మీద చెరిగిపోతే వెర్నియరుతో గొట్టాన్ని, హబ్బును కొలిచి తెచ్చుకోవాలి. ‘అంబాసిడర్ సీలు’ అని అడిగితే దుకాణంలో ఏది చేతికొస్తే అది ఇస్తారు. స్ప్రింగు ఉన్న ముఖం ఎప్పుడూ ఆయిలు ఉన్న వైపు, అంటే ఇక్కడ బేరింగు వైపు ఉండాలి. పెదవికి ఆయిలు రాసి, చదునైన చెక్క పెట్టి చుట్టూ సమానంగా తడుతూ దించాలి. పొడి పెదవితో మొదటి చుట్టు తిరిగితే అది అక్కడే కాలిపోతుంది.

పినియను ముందున్న సీలు కారడం వేరే జబ్బు. అప్పుడు తడి చక్రాల దగ్గర ఉండదు, కారు నేల కింద ఆయిలు చిమ్మిన చారలు కనిపిస్తాయి. దాని పెద్ద నట్టు విప్పే ముందు నట్టుకూ షాఫ్టుకూ గుర్తు పెట్టుకోవాలి. పినియను బేరింగుల బిగింపు ఆ నట్టు మీద ఆధారపడి ఉంటుంది.

ఇక ఆయిలు తాగిన లైనింగులు. వీటిని పెట్రోలుతో కడిగి, నిప్పు అంటించి కాల్చి, మళ్లీ బిగించే పద్ధతి నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. పైకి ఎండినట్టే ఉంటాయి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు వేడెక్కితే లోపల ఇంకిన ఆయిలు మళ్లీ పైకి ఊరుతుంది. మార్చాల్సిందే, అదీ రెండు వెనక చక్రాలకూ కలిపి. ఒక పక్క కొత్తవి, మరో పక్క పాతవి ఉంటే లాగుడు ఎక్కడికీ పోదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. డ్రమ్ములోని పొడిని గాలి గొట్టంతో ఊదడం, నోటితో ఊదడం ప్రాణానికి చేటు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారెయ్యాలి. మేస్త్రి ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఆ పని చేశారు. అక్కడ మాస్కులు ఉంటే ఎంత బాగుండేదో.

యాభై ఏళ్లు దాటిన బండి

ఈ బళ్లకు ఇప్పుడు చట్టంలో ఒక చోటు దొరికింది. 2021 జులైలో కేంద్ర మోటారు వాహన నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లను, ద్విచక్ర వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే వీలు కల్పించారు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ వస్తుంది. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, 10 ఏళ్ల తర్వాత పునరుద్ధరణకు 5,000. రోజువారీ తిరుగుడుకు, కిరాయికి వాడకూడదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తియ్యవచ్చు.

నాకు ఇందులో నచ్చేది, బండి అసలు రూపంలో ఉండాలన్న షరతు. ఇరుసు కారుతోందని విసిగి, జీపు ఇరుసో వేరే కొత్త కారు ఇరుసో వెల్డింగు పెట్టి బిగించేవాళ్లున్నారు. లీకు పోతుంది, కారూ పోతుంది. కొత్త బేరింగు, ఒక సీలు, ఒక కాగితం, కొలిచే ఓపిక ఉంటే అసలు ఇరుసే ఇంకో తరం నడుస్తుంది. అంబాసిడర్ విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి, అయితే నాణ్యత ఒక్కో పెట్టెలో ఒక్కోలా ఉంటోంది. దొరకనిది ఆ రెండు థౌల లెక్క తెలిసిన మనిషి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కోసం చేయించిన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను చూడటానికి జనం టిక్కెట్టు కొని వెళతారు. నూరేళ్ల బండిని నిలబెట్టిన చేతులను కూడా అంతే శ్రద్ధగా చూడాలి. ఆటోనగర్ షెడ్డులో ఆ కుర్రాడు ఎడమ మర గురించి తెలుసుకున్నది ఏ ఐటీఐ పుస్తకంలోనో చదివి కాదు. మేస్త్రీల లెక్కలను, ఏ నట్టు ఎటు తిరుగుతుందో, ఏ సీలుకు ఏ కొలతో తెలుగులో రాసి, బొమ్మలు గీసి అచ్చు వేయించే పని పాత కార్ల సంఘాలు ఎత్తుకోవాలి. ఆ పనికి డబ్బు కన్నా తీరిక ఎక్కువ కావాలి. తీరిక ఉన్న రిటైర్డు మాస్టార్లు ఆ సంఘాల్లో చాలామందే ఉన్నారు.

సాయంత్రం బండిని కృష్ణ ఒడ్డు రోడ్డు మీద అరగంట తిప్పి తెచ్చారు. మేస్త్రి రెండు హబ్బుల మీదా చెయ్యి ఆనించి వేడి పోల్చి చూశారు. ఒకటి ఎక్కువ కాలితే బేరింగు బిగువో, బ్రేకు పట్టేస్తోందో ఉన్నట్టు. రెండూ గోరువెచ్చగానే ఉన్నాయి. బ్యాక్ ప్లేటు కింద తెల్లకాగితంతో తుడిస్తే కాగితానికి ఏమీ అంటలేదు. చల్లారాక మట్టం మళ్లీ చూసి, హబ్బుల్లోకి కొత్తగా పాకిన మేర కాస్త ఆయిలు పోశారు.

‘‘వారానికోసారి నడపండి మాస్టారూ, ఓ పది కిలోమీటర్లు’’ అన్నారు బిల్లు రాస్తూ. ‘‘నిలబెట్టేస్తే పైన ఆయిలు తగలక సీలు పెదవి ఎండి గట్టిపడుద్ది. ఐదొందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తీసుకురండి, ఫ్లాంజి స్క్రూ చూద్దాం. కుడి చక్రం కూడా విప్పాలి. దానికీ ఆ అట్టే వేసుంటారు.’’